రైలెక్కిన పాట, ఊరు దాటని డప్పు

అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో క్లార్క్స్‌డేల్ బ్లూస్ పాటకు పేరుబడ్డ పట్నం. ఊరూరా తిరిగే కళాకారులు అక్కడికి పోతే చూసేది పాత రైల్వే గూడ్సు డిపో. 1999 నుంచి బ్లూస్ మ్యూజియం అందులోనే ఉంది. దగ్గర్లోని స్టోవల్ పత్తి తోటలో కూలి చేసిన మడ్డీ వాటర్స్ పాటల్ని 1941లో రికార్డు చేశారు. 1943లో ఆయన రైలెక్కి షికాగో పోయాడు.

మరి తాండూరు, వికారాబాద్‌ల మీదుగా పోయే సికింద్రాబాద్–వాడి లైను 1874 నాటిదే గదా! ఇక్కడి డప్పుకు ఆ దారి ఎందుకు దొరకలేదు? డప్పు మాదిగల మీద ఊరు మోపిన వెట్టి. చావుకు, జాతరకు, దండోరాకు పిలిస్తే పోవాల్సిందే, ఇచ్చిందే తీసుకోవాల్సిందే. సిర్ర, సిటికెన పట్టిన చేతికి ‘ఇయ్యాల రాను’ అనే హక్కు లేదు. మడ్డీ వాటర్స్‌దీ బానిసత్వం మిగిల్చిన బతుకే. కాని శనివారం రాత్రి గిటారు ఎక్కడ వాయించాలో ఆయనే తేల్చుకునేవాడు. డప్పుకు ఆ శనివారం లేదు. మాదిగలు 1994లో హక్కుల కోసం లేచి తమ పోరాటానికి ఆ దండోరా పేరే పెట్టుకున్నారు.

వికారాబాద్ స్టేషన్లో దిగి డప్పు నేర్చుకుంటానని వాడకొచ్చే కళాకారుడు దరువు అడిగే ముందు కూలెంతో అడగాలె.