నీలిగుంతల నగరం కానో

"చేతిలో చిల్లిగవ్వ లేదు" అని మనం తరచు అంటూ ఉంటాం. నిజంగానే గవ్వలిచ్చి సరుకులు కొన్న రోజులున్నాయి. ఆ రోజుల్లో హిందూ మహాసముద్రంలోని మాల్దీవుల గవ్వలు ఓడలెక్కి ఆఫ్రికా దాకా పోయేవి. వాటిని లక్షల్లో, కోట్లలో లెక్కపెట్టిన ఒక సంత పట్టణాన్ని చూసివద్దాం రండి. దాని పేరు కానో.

ఎక్కడుంది?

ఆఫ్రికా పటం తీయండి. పశ్చిమ తీరాన నైజీరియా కనిపిస్తుంది. దాని ఉత్తర భాగంలో, 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర కానో ఉంది. మన బెంగుళూరు అక్షాంశానికి ఇది కాస్త దిగువన అన్నమాట. ఇక్కడివారి భాష హౌసా. పశ్చిమ ఆఫ్రికాలో కోట్లమంది ఈ భాష మాట్లాడతారు.

కానోకు ఉత్తరాన సహారా ఎడారి, దక్షిణాన దట్టమైన అడవులు. ఎడారిలో ఉప్పు దొరుకుతుంది, అడవిలో దొరకదు. అడవిలో కోలా కాయలు కాస్తాయి, ఎడారిలో కాయవు. మన కాఫీలో ఉండే కెఫీనే కోలా కాయలోనూ ఉంటుంది. దాన్ని నమిలితే అలసట తెలియదు. ఒకచోట లేనిది మరొకచోట ఉంటే రెండింటి నడుమ సంత పుడుతుంది గదా! కానో అలా పెరిగిన ఊరు. అక్కడి దలా కొండ దగ్గర ఇనుము కరిగించిన కమ్మరులే ఈ ఊరి తొలి నివాసులని ప్రతీతి.

మట్టిగోడల కోట

ఊరి చుట్టూ కోటగోడ కట్టడం 11వ శతాబ్దం చివర, 12వ శతాబ్దం మొదట్లో ఏలిన గిజిమాసు అనే రాజు కాలంలో మొదలయిందని కానో రాజుల చరిత్ర చెబుతుంది. తరువాతి రాజులు దాన్ని పెంచుకుంటూ పోయారు. రాయి లేదు, సిమెంటు లేదు. ఎర్రమట్టిలో గడ్డి కలిపి తొక్కి, శంకువు ఆకారంలో ముద్దలు చేసి ఎండబెడతారు. వీటిని తుబాలి అంటారు. వీటిని వరుసలుగా పేర్చి, మధ్యలో తడిమట్టి కూరి, పైన మెత్తుతారు. మందమైన మట్టిగోడ పగటి వేడిని త్వరగా లోపలికి రానివ్వదు. అందుకే బయట ఎండ మండిపోతున్నా ఇంట్లో చల్లగా ఉంటుంది.

ఇళ్ల కప్పులకు వాడే దూలాలు ఏ చెట్టువో తెలుసా? మన తాటిచెట్టుకు దగ్గరి చుట్టమైన ఆఫ్రికా తాడిది. దాని కలపకు చెద అంత తేలికగా పట్టదు.

బార్త్ చూసిన సంత

15వ శతాబ్దం చివర మహమ్మద్ రుంఫా అనే రాజు కుర్మి సంతను ఏర్పాటు చేశాడు. అది నేటికీ నడుస్తోంది. 1851లో హైన్‌రిక్ బార్త్ అనే జర్మన్ యాత్రికుడు కానో చేరి, చూసినదంతా శ్రద్ధగా రాసుకున్నాడు. ఊళ్లో కనీసం 30,000 మంది ఉన్నారనీ, వ్యాపారం జోరుగా సాగే జనవరి నుంచి ఏప్రిల్ వరకు ఆ సంఖ్య 60,000 దాకా పోతుందనీ అంచనా కట్టాడు.

ఇక్కడొక లెక్క చేయండి. కానోనుంచి ఏటా ఎగుమతయ్యే బట్టల విలువ కనీసం 30 కోట్ల గవ్వలని బార్త్ అంచనా. ఒక కుటుంబం ఏడాదంతా హాయిగా బతకడానికి 50,000 నుంచి 60,000 గవ్వలు చాలునన్నాడు. 60,000తో భాగిస్తే ఎంత? 5,000 కుటుంబాలు! ఒక్క బట్టల ఎగుమతి ఇంతమందికి ఏడాది తిండీ బట్టా ఇవ్వగలిగినంత సంపద అన్నమాట.

అయితే ఈ సంతలో మనుషులను కూడా అమ్మేవారన్న నిజం మరువరాదు. ఉత్తరానికి పోయే ఒంటెల బిడారుల్లో బట్టల మూటల వెంట బానిసలూ నడిచేవారు.

గుంతలో రసాయన శాస్త్రం

కానో బట్టలకు అంత గిరాకీ ఎందుకు? ముఖ్యంగా వాటి నీలిరంగు వల్ల. కోఫర్ మాతా అనే కోట ద్వారం దగ్గర నేలలో గుండ్రని లోతైన గుంతలున్నాయి. ఈ అద్దకం 1498లో మొదలయిందని అక్కడివారు చెబుతారు.

నీలిమందు నీటిలో కరగదు. కరగని రంగు నూలుకు ఎలా పడుతుంది? అద్దకపువారు గుంతలో నీళ్లు పోసి నీలిమొక్క, కట్టెల బూడిద వేసి చాలా రోజులు పులియబెడతారు. బూడిద వల్ల నీటికి క్షారగుణం వస్తుంది. సూక్ష్మజీవులు నీలిమందును క్షయకరణం చేస్తాయి. అప్పుడది పసుపుపచ్చగా మారి, క్షారపు నీటిలో కరిగిపోతుంది. అందులో ముంచిన గుడ్డ పోగుల్లోకి రంగు దిగుతుంది.

అసలు వింత తరువాత జరుగుతుంది. గుడ్డను పైకి తీయగానే అది పసుపు కలిసిన ఆకుపచ్చగా ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ తగిలేకొద్దీ చూస్తూండగానే నీలమవుతుంది! ఆక్సీకరణం వల్ల నీలిమందు మళ్లీ కరగని రూపానికి వచ్చి పోగుల్లో చిక్కుకుపోతుంది. ఎన్నిసార్లు ముంచి ఆరబెడితే రంగు అంత ముదురుతుంది. ఆరిన గుడ్డను కొయ్య సుత్తులతో దబదబ బాదితే తళతళ మెరుస్తుంది. సహారాలోని తువారెగ్ ప్రజలు తలపాగాలకు ఈ మెరిసే గుడ్డను ఎంతో ఇష్టపడతారు. దాని రంగు వాళ్ల ముఖాలకూ అంటుతుంది.

క్షయకరణం, ఆక్సీకరణం అనే మాటలు ఆ అద్దకపువారు విని ఉండరు. అయినా గుంత పులిసిందో లేదో చూసి చెప్పగలరు. తండ్రి పక్కన నిలబడి కొడుకు నేర్చుకున్న విద్య అది.

తుమ్మకాయ, జొన్న సంకటి

యూరపులో మొరాకో తోలు అని పేరుబడ్డ మేకతోలులో చాలాభాగం కానో వంటి హౌసా పట్టణాలనుంచి పోయిందే. మొరాకో వర్తకుల చేతిమీదుగా పోయింది కాబట్టి పేరు వాళ్లకు దక్కింది. దాన్ని ఊనడానికి వాడేది మన నల్లతుమ్మ కాయలనే. వాటిలోని టానిన్ తోలును కుళ్లనివ్వదు.

భోజనం కూడా మనకు కొత్తగా తోచదు. జొన్నపిండి ఉడికించి, మన సంకటిలా ముద్దచేసి, ఆకుకూర పులుసుతో తింటారు. సజ్జపిండి ఉండలను పెరుగులో పిసికి తాగుతారు. జొన్న, సజ్జ రెండూ ఆఫ్రికాలో పుట్టి వేల ఏళ్ల క్రితమే మన దేశానికి వచ్చిన పంటలు. ఇద్దరి కంచంలోనూ ఒకే ముద్ద ఉండడానికి కారణం అదే!

మారిన కాలం

1903లో బ్రిటిష్ సైన్యం కానోను పట్టుకుంది. 1912 నాటికి రైలు వచ్చింది. సరుకు సహారా దారి వదిలి సముద్రం వైపు తిరిగింది. వేరుశనగ బస్తాలను ఆరుబయట పిరమిడ్లలా పేర్చేవారు. 1970 తరువాత కరువు, తెగులు వచ్చి అవీ క్రమంగా మాయమయ్యాయి.

1897లో జర్మనీలో కృత్రిమ నీలిమందు అమ్మకానికి వచ్చింది. దాని దెబ్బ మన కడప, నెల్లూరు సీమల నీలి పంటకూ తగిలింది. కానోలో అద్దకం ఆగిపోలేదు గాని చాలా గుంతలు వాడకం లేక మూలబడ్డాయి. కోటగోడలు కూడా చాలాచోట్ల కూలాయి. గోడ కూలితే కొలతలు తీసుకుని మళ్లీ కట్టవచ్చు. గుంత పులిసిన తీరును కంటితో పట్టగల మనిషి పోతే, ఆ నేర్పు ఏ పుస్తకంలో దొరుకుతుంది?

మీ ఇంట్లో కొత్త నీలి జీన్సు గుడ్డ ఉంటే, తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూడండి. నీలం అంటుతుంది. రంగు పోగు పైపైనే చిక్కుకుని ఉందని దాని అర్థం. తువారెగ్ ముఖాన అంటేదీ ఈ నీలిమందు రంగే. అలాగే మీ ఊళ్లో అద్దకం, కుండలు, తోలుపని చేసే పెద్దలుంటే ఒకసారి వెళ్లి, ఏది ఎందుకు కలుపుతారో అడగండి. వారు చెప్పింది నోటుపుస్తకంలో రాసుకోండి. మీ పాఠ్యపుస్తకంలోని సూత్రం అక్కడ పనిచేస్తూ కనిపిస్తుంది.