టోటోరో ఇంట్లో లేడు

మిక్కీ మౌస్ చెవులు ఎప్పుడైనా సరిగ్గా గమనించారా? కార్టూన్‌లో మిక్కీ ఎదురుగా చూసినా, పక్కకి చూసినా ఆ రెండు చెవులూ రెండు సున్నాల్లా గుండ్రంగానే ఉంటాయి. ఇప్పుడు ఒక బంతికి రెండు అట్టముక్కలు చెవుల్లా అతికించి పక్కకి తిప్పి చూడండి. ఒకటి రెండోదాని వెనక్కి పోతుంది, కనిపించేది కూడా సన్నటి అంచులా మిగులుతుంది. కాగితం మీద గీసేవాడికి ఈ గొడవ లేదు. తల తిరుగుతున్నకొద్దీ చెవుల్ని నెత్తి మీద మెల్లగా జరుపుకుంటూ పోతాడు, మనకి అనుమానం కూడా రాదు.

మాకు ఈ సెమిస్టర్‌లో కంప్యూటర్ గ్రాఫిక్స్ ఉంది. ఆ చెవుల్ని త్రీడీలో చెయ్యాలంటే, కెమెరా ఎక్కడుందో చూసుకుని ప్రతి ఫ్రేమ్‌లోనూ వాటి చోటు మార్చాలి. కష్టమే, కానీ అవుతుంది, ఎందుకంటే సినిమాకి కెమెరా ఒక్కటే. సినిమా సెట్లు కూడా అంతే కదా, కెమెరాకి కనిపించే వైపు రాజభవనం, వెనక్కి వెళ్తే కర్రలూ ప్లైవుడ్డూ. థీమ్ పార్కులో మాత్రం ఒకే క్షణంలో వందమంది వంద వైపుల నుంచి చూస్తుంటారు. అంటే వంద కెమెరాలు. పైగా అందులో సగంమంది పిల్లలు, తాకి చూస్తారు, వెనక్కి వెళ్ళి చూస్తారు, కింద దూరి చూస్తారు. గీతలో సాగిన మాయ ఇక్కడ సాగదు.

మరి మనం ప్రాణంగా చూసిన యానిమేషన్ సినిమాల లోకాన్ని ఇటుకతో, కర్రతో, ఇనుముతో ఎలా కడతారు? నేను ఈ పార్కుల్లో దేనికీ వెళ్ళలేదు. కానీ రైడ్‌లో కూర్చుని మొదలు నుంచి చివరిదాకా తీసిన వీడియోలు యూట్యూబ్‌లో బోలెడు ఉన్నాయి. మిడ్స్ ముందు రోజు రాత్రి అవి చూసే అలవాటు నా ఒక్కడిదే కాదని నా నమ్మకం.

1955 జూలై 17న కాలిఫోర్నియాలోని ఆనహైమ్‌లో డిస్నీల్యాండ్ మొదలైంది. మధ్యలో ఉన్న స్లీపింగ్ బ్యూటీ కోట ఫొటోల్లో ఆకాశాన్ని తాకుతున్నట్టు ఉంటుంది కానీ ఎత్తు 77 అడుగులే. కింద రాళ్ళు పెద్దవిగా, పైకి పోయేకొద్దీ చిన్నవిగా పెట్టారు. దూరంగా ఉన్నవి చిన్నగా కనిపిస్తాయని మన మెదడుకి తెలుసు కాబట్టి, పైనున్న చిన్న రాళ్ళని చూసి అవి చాలా దూరంలో ఉన్నాయనుకుంటుంది. దీన్ని ఫోర్స్‌డ్ పర్‌స్పెక్టివ్ అంటారు. అందరూ కిందనే నిలబడి తలెత్తి చూస్తారు కాబట్టి ఈ మాయ పనిచేస్తుంది. వంద కెమెరాలున్నా వాటన్నిటి ఎత్తూ దాదాపు ఒకటే అన్నమాట. ఇంకో తమాషా ఏంటంటే, ఆ పేరుతో సినిమా వచ్చింది 1959లో. కోటే నాలుగేళ్ళు ముందు.

కట్టడం సరే, కథ సంగతి? నాకు అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే. మొదటి రోజుల్లో డిస్నీల్యాండ్‌లోని స్నో వైట్ రైడ్‌లో స్నో వైట్ ఉండేది కాదు. మరుగుజ్జులు ఉన్నారు, మంత్రగత్తె ఉంది, అడవి ఉంది, ఆ అమ్మాయి మాత్రం లేదు. ఎందుకంటే బండిలో కూర్చున్న మీరే స్నో వైట్. పీటర్ పాన్ రైడ్‌లో కూడా మీరే పీటర్ పాన్, లండన్ మీదుగా ఎగిరేది మీరే. మన భాషలో చెప్పాలంటే ఫస్ట్ పర్సన్ గేమ్, అదీ 1955లో! కానీ జనానికి అర్థం కాలేదు. దిగిన ప్రతివాళ్ళూ స్నో వైట్ ఏది అని అడిగేవారట. చివరికి 1983లో ఆ భాగాన్ని మళ్ళీ కట్టినప్పుడు స్నో వైట్ బొమ్మనీ పీటర్ పాన్ బొమ్మనీ తెచ్చి పెట్టారు.

జనాన్ని తప్పుపట్టలేం. మనకి ఒక సినిమా నచ్చిందంటే అందులోని మనిషిగా మారాలని ఉంటుందా, ఆ మనిషిని కలవాలని ఉంటుందా? ఈ రెండూ ఒకటి కాదు. హ్యారీ పాటర్ చదివినవాళ్ళు మంత్రదండం కొనుక్కుంటారు, అది మొదటి రకం. మా చెల్లి టోటోరోని కౌగిలించుకోవాలంటుంది, అది రెండో రకం. పార్కు కట్టేవాడు ఏదో ఒకటి తేల్చుకోవాలి.

కెమెరా సమస్యకి డిస్నీ వాళ్ళు ఇంకో దారి కనిపెట్టారు. ప్రేక్షకుడి తలని వాళ్ళే తిప్పడం! 1967లో వచ్చిన ఆమ్నిమూవర్ అనే పద్ధతిలో కుర్చీలు గొలుసులాగా ఒకదాని వెనక ఒకటి ఆగకుండా వెళ్తుంటాయి, ఎక్కడికి రాగానే ఎటు తిరగాలో ముందే నిర్ణయించి ఉంటుంది. 1969 నాటి హాంటెడ్ మాన్షన్‌లోనూ, 2011లో వచ్చిన లిటిల్ మెర్మెయిడ్ రైడ్‌లోనూ ఇదే. కుర్చీ వెనక భాగం ఎత్తుగా ఉంటుంది కాబట్టి పక్కకి చూడ్డానికి పెద్దగా వీలుండదు. అంటే మీ కళ్ళే కెమెరా, దాన్ని పట్టుకున్నది డైరెక్టర్.

తర్వాత టోక్యో డిస్నీల్యాండ్‌లో 2000 సెప్టెంబర్‌లో పూస్ హనీ హంట్ వచ్చింది. సీఎస్ఈ వాళ్ళు ఈ రైడ్ వీడియో ఒక్కసారైనా చూడాలి. తేనెకుండల ఆకారంలో బళ్ళు, కింద పట్టాలు లేవు. ఒకే గదిలోకి కొన్ని కుండలు కలిసి వచ్చి, ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి, ఎదురెదురుగా వచ్చి, గుద్దుకోబోయి తప్పుకుని, వేర్వేరు దారుల్లో వెళ్ళిపోతాయి. టిగ్గర్ ఎగిరే గదిలో కుండలు కూడా ఎగురుతాయి. ఏ బండి ఎక్కడుందో, తర్వాత ఎక్కడికి పోవాలో కంప్యూటర్ చూసుకుంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్స్ క్లాసులో డెడ్‌లాక్ చెప్పినప్పుడు మన పుస్తకాల్లో నాలుగు గళ్ళూ నాలుగు బాణాలూ ఉంటాయి. ఇక్కడ ఆ గళ్ళలో చంకన పిల్లల్ని పెట్టుకున్న మనుషులున్నారు. పారిస్‌లో 2014లో వచ్చిన రాటటూయ్ రైడ్‌లో కూడా పట్టాల్లేని బళ్ళే, కాకపోతే ఎలుకల ఆకారంలో. అక్కడ వంటగదిని రాక్షసుల వంటగదిలా కట్టారు, మనం ఎలుక సైజుకి వచ్చేశామని ఒంటికి తెలియాలి కదా.

ముఖాల దగ్గర మాత్రం ఇంకా తంటా తీరలేదు. యానిమేషన్ ముఖం రబ్బరులా సాగుతుంది. యంత్రం ముఖంలో చర్మం కింద మోటార్లుంటాయి, అది అంత సాగదు. జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లో అన్‌క్యానీ వ్యాలీ అని ఒక మాట చెప్పాడు. బొమ్మ మనిషిలా కనిపించేకొద్దీ మనకి ఇష్టం పెరుగుతుంది, కానీ దాదాపు మనిషే అనిపించే చోటికి వచ్చి కొంచెం తేడా ఉంటే ఒళ్ళు జలదరిస్తుంది. దాని నుంచి తప్పించుకోవడానికి 2016లో ఎప్‌కాట్‌లో పెట్టిన ఫ్రోజెన్ రైడ్‌లో ఎల్సా, ఆనాల ముఖాల్ని లోపల నుంచి ప్రొజెక్టర్‌తో వేశారు. కదలిక బాగుండేది, కానీ చీకట్లో ముఖం ఒక్కటే బల్బులా వెలిగేది. 2023లో హాంగ్‌కాంగ్‌లో అదే రైడ్ కట్టినప్పుడు ముఖాలు మళ్ళీ యంత్రాలే అయ్యాయి. రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే నాకు హాంగ్‌కాంగ్ ఎల్సానే నచ్చింది. ఆమె ముఖం మీద పడే వెలుతురు ఆ గదిలోదే.

కొన్ని లోకాలు కట్టడానికి సులువు, ఎందుకంటే అవి అసలు నేల మీద నుంచే వచ్చాయి. కార్స్ సినిమా కోసం పిక్సార్ వాళ్ళు అమెరికాలో పాత రూట్ 66 రోడ్డు మీద తిరిగారు. టెక్సాస్‌లోని షామ్‌రాక్ ఊళ్ళో ఉన్న పాత పెట్రోల్ బంకు సినిమాలో రమోన్ కొట్టుగా మారింది. 2012లో కాలిఫోర్నియాలో కార్స్ ల్యాండ్ పేరుతో ఆ కొట్టునే మళ్ళీ సిమెంటుతో కట్టారు. అంటే నేల నుంచి తెరకి, తెర నుంచి మళ్ళీ నేలకి. అక్కడ ఒక చిన్న ముచ్చట: సినిమాలో ఫిల్మోర్ అనే పాత వ్యాను, కూడలిలో పసుపు లైటు మూడోసారి వెలిగినప్పుడు కొంచెం నెమ్మదిస్తుందని అంటుంది. పార్కులో లైటు నిజంగానే అలా వెలుగుతుందట. వెయ్యిమందిలో తొమ్మిది వందల తొంభై మంది చూడరు. చూసిన ఆ పదిమందీ జీవితాంతం చెప్పుకుంటారు.

ఇక అసలు నేను రాయాలనుకున్న చోటికి వస్తాను. జపాన్‌లో నగోయా పక్కన నాగకుతే అనే ఊళ్ళో జిబ్లీ పార్క్ ఉంది. 2022 నవంబర్ 1న మొదలైంది. మోనోనొకే గ్రామం 2023లో, మంత్రగత్తెల లోయ 2024 మార్చిలో తెరిచారు. దీన్ని నడిపించిన గోరో మియాజాకి, హయావో మియాజాకి కొడుకు, సినిమాల్లోకి రాకముందు తోటలు, పార్కుల ప్లానింగ్ పని చేసినవాడు. ఆ తేడా కనిపిస్తుంది. ఇక్కడ రోలర్ కోస్టర్ లేదు, అరిచే రైడ్లు లేవు. 2005లో ప్రపంచ ఎక్స్‌పో జరిగిన పెద్ద పబ్లిక్ పార్కులో, ఉన్న చెట్లని కాపాడుకుంటూ, అక్కడొకటి ఇక్కడొకటి కట్టుకుంటూ పోయారు. పెద్ద గోదాములా ఉండే ముఖ్యమైన భవనం ఒకప్పటి ఈతకొలను భవనమే. నడవాలి, అంతే. ఇంత డబ్బు పెట్టి నడవడమేంటని మా రూమ్మేట్ అడిగాడు. వాడికి తిరుమల మెట్లు గుర్తు చేశాను.

ఆ పార్కులో అన్నిటికంటే పాతది సత్సుకీ, మేయీల ఇల్లు. మై నైబర్ టోటోరో (1988) చూసినవాళ్ళకి ఆ ఇల్లు సొంత అమ్మమ్మ ఇల్లంత పరిచయం. 2005 ఎక్స్‌పో కోసమే దీన్ని పాతకాలపు వడ్రంగం పద్ధతుల్లో కర్రతో కట్టారు. సినిమాలో లాగే సగం జపాన్ పద్ధతి, సగం పాశ్చాత్య పద్ధతి. లోపలికి వెళ్ళొచ్చు. అంతకంటే ముఖ్యం, సొరుగులు లాగి చూడొచ్చు! లోపల ఆ కాలం నాటి బట్టలు, సామాన్లు ఉంటాయి. సినిమాలో ఆ సొరుగు ఎవరూ తెరిచి చూపించలేదు కదా, మరి లోపల ఏముందో ఎవరు నిర్ణయించారు? అక్కడ కూర్చుని ఎవరో ఆలోచించి ఉండాలి: ఈ నాన్న ప్రొఫెసర్, అమ్మ ఆసుపత్రిలో ఉంది, ఇద్దరు ఆడపిల్లలు, ఇంత డబ్బుంటుంది, కాబట్టి ఈ సొరుగులో ఇవి ఉంటాయి అని. గ్రాఫిక్స్‌లో మేం కెమెరాకి కనిపించనిదాన్ని రెండర్ చెయ్యకుండా వదిలేస్తాం, దానికి కల్లింగ్ అని పేరు కూడా ఉంది. ఈ ఇల్లు దానికి సరిగ్గా తిరకాసు. కనిపించనివే ముందు నింపారు.

మా చెల్లికి ఎనిమిదేళ్ళు. దానికి ఆ ఇంటి వీడియో చూపిస్తే మొత్తం చూసి, “అన్నయ్యా, టోటోరో ఏడీ?” అంది.

“ఇంట్లో లేడే.”

“ఎందుకు లేడు?”

సినిమాలో కూడా వాడు ఇంట్లో ఉండడు, అడవిలో చెట్టు కిందే కదా ఉండేది అన్నాను. కాసేపు ఆలోచించి ఒప్పుకుంది. స్నో వైట్ ఏది అని అడిగిన అమెరికావాళ్ళ కంటే మా చెల్లి నయం.

నిజానికి ఇంటి వెనక కొండెక్కితే పైన డొండొకో-దో అని టోటోరో ఆకారంలో కర్రతో చేసిన పెద్ద బొమ్మ ఉంది, ఎత్తు ఐదు మీటర్ల పైనే. దాని పొట్టలోకి ఎక్కొచ్చు. కానీ ఎవరు? ప్రైమరీ స్కూల్ పిల్లలు, అంతకంటే చిన్నవాళ్ళు మాత్రమే. పెద్దలు బయట నిలబడాలి. సినిమా గుర్తుంటే ఇది రూల్ కాదు, కథే: టోటోరో పెద్దవాళ్ళకి కనిపించడు. పంతొమ్మిదేళ్ళ నేను టికెట్ కొనుక్కుని అంత దూరం వెళ్ళినా ఆ తలుపు బయటే ఉంటాను. కొంచెం బాధగానే ఉంది. కానీ అక్కడ నన్ను లోపలికి రానిస్తే ఆ సినిమాలో ఏదో ఒకటి అబద్ధమైపోతుంది.

ఇలాంటివే ఇంకో రెండు: అరియెట్టి ఇంట్లో ఆకులు, పువ్వులు పెద్దవి చేసి మనల్ని వేలెడంత మనిషిని చేస్తారు. క్యాట్ బ్యూరోని మాత్రం పిల్లుల సైజులోనే కట్టారు, వంగి కిటికీలోంచి చూడ్డమే.

మన దగ్గర ఇలా కట్టదగ్గ లోకం ఏముంది అని హాస్టల్‌లో ఒక రాత్రి వాదన జరిగింది. ఛోటా భీమ్ తయారయ్యేది హైదరాబాద్‌లోనే, గ్రీన్ గోల్డ్ వాళ్ళ దగ్గర. అందరూ రైడ్లు చెప్పారు. నా ఓటు టున్‌టున్ మౌసి లడ్డూ కొట్టుకి. నిజంగా వేడివేడి లడ్డూలు, వెనక నెయ్యి డబ్బాలు, అప్పు పద్దు రాసిన పుస్తకం, దాంట్లో భీమ్ పేరు మీద ఎన్ని లడ్డూలున్నాయో లెక్క. ఆ పుస్తకం తిరగేసే పిల్లాడికి రైడ్ అక్కర్లేదు.

జిబ్లీ పార్కులో నాకు సందేహంగా ఉన్నది ఒక్కటే: హౌల్ కోట. 2004 సినిమాలో అది కోడికాళ్ళ లాంటి కాళ్ళతో కీచుమంటూ కొండల్లో నడుస్తుంది. పార్కులో పెద్ద భవనంలా కట్టారు, లోపల కాల్సిఫర్ పొయ్యి, హౌల్ పడకగది అన్నీ ఉన్నాయి. కానీ నడవదు. సినిమాలో దాని తలుపు మీదున్న చక్రం తిప్పితే ఒక్కోసారి ఒక్కో ఊళ్ళోకి తెరుచుకుంటుంది. పార్కులో తలుపు అవతల పార్కే ఉంటుంది. సొరుగుల్లో ఏం పెట్టాలో ఆలోచించినవాళ్ళకి ఇది తెలియక కాదు. టోటోరో ఇల్లు నిలబడ్డ ఇల్లు, అందుకే నిలబెట్టగలిగారు. హౌల్ కోట అంటేనే కదలిక. దాన్ని కట్టకుండా, దూరంగా కొండ మీద దాని అడుగుల గుర్తులు వదిలేసి ఉంటే ఎలా ఉండేదో అని నేను అనుకుంటూ ఉంటాను. మా చెల్లి ఒప్పుకోదు. దానికి కోట కావాల్సిందే, ఆగి ఉన్నా సరే.

ఎవరైనా వెళ్ళే పనుంటే: టికెట్లు ముందే తేదీ చూసుకుని బుక్ చేసుకోవాలి. నగోయా నుంచి సబ్‌వేలో ఫుజిగావోకా దాకా వెళ్ళి, అక్కడ లినిమో ఎక్కాలి. అది కూడా 2005 ఎక్స్‌పో కోసం వేసిందే. డ్రైవర్ ఉండడు, అయస్కాంతాల మీద పట్టాలకి తగలకుండా కొన్ని మిల్లీమీటర్లు తేలుతూ వెళ్తుంది. పార్కులో రైడ్ లేదని బాధపడేవాళ్ళు ముందు వరసలో కూర్చోండి.