ఫైల్ సిస్టమ్‌లో ఆలస్యాన్ని కొలిచేదెలా?

డేటాబేస్ నెమ్మదిస్తే ముందుగా డిస్క్‌నే అనుమానిస్తారు. కానీ డిస్క్ గణాంకాలు అసలు సంగతి చెప్పకపోవచ్చు. లినక్స్‌లో ప్రోగ్రామ్ రాసిన డేటా సాధారణంగా మొదట మెమరీలోని పేజ్ క్యాష్‌కు చేరి, ఆ తర్వాత తీరిగ్గా డిస్క్‌కు వెళ్తుంది. అప్పుడు డిస్క్ ఎంత రద్దీగా ఉన్నా ప్రోగ్రామ్ ఆగాల్సిన పని ఉండకపోవచ్చు. మరోవైపు, ఫైల్ సిస్టమ్ లోపలి లాక్‌ల దగ్గర ప్రోగ్రామ్ ఆగిపోతే ఆ నిరీక్షణ డిస్క్ లెక్కల్లోకి రాదు. అందుకే ఆలస్యాన్ని ఫైల్ సిస్టమ్ దగ్గరే కొలవాలి.

లినక్స్ కెర్నల్‌లో చిన్న ప్రోగ్రామ్‌లను నడిపే ఈబీపీఎఫ్ ఇందుకు దారి చూపుతుంది. చదవడం, రాయడం, తెరవడం, ఎఫ్‌సింక్ (రాసిన డేటాను డిస్క్‌కు చేర్చడం) వంటి పనులకు కెర్నల్‌లో ఫంక్షన్లున్నాయి. ఫంక్షన్ మొదలవగానే ఒక చిన్న ఈబీపీఎఫ్ ప్రోగ్రామ్ థ్రెడ్ సంఖ్యతో పాటు సమయాన్ని నమోదు చేస్తుంది. ఫంక్షన్ ముగియగానే మళ్లీ సమయం చూసి తేడా తీస్తుంది. ఆ తేడాయే ఆలస్యం.

బీసీసీ అనే ఈబీపీఎఫ్ టూల్స్ సంపుటిలో, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్ కోసం ఇలా సిద్ధంగా ఉన్నవాటిలో రెండు చూద్దాం. ‘ఈఎక్స్‌టీ4స్లోయర్’ మామూలుగా 10 మిల్లీసెకన్లు మించిన పనులనే చూపుతుంది: ఏ ప్రాసెస్, ఏ ఫైలు, ఎన్ని బైట్లు, ఎంతసేపు అన్నవన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ‘ఈఎక్స్‌టీ4డిస్ట్’ ఆలస్యాలను హిస్టోగ్రామ్‌గా గీస్తుంది. అందులో తరచు రెండు గుట్టలు కనిపిస్తాయి. కొద్ది మైక్రోసెకన్ల దగ్గరున్నది క్యాష్‌లో దొరికిన డేటా. మిల్లీసెకన్ల వైపున్నది డిస్క్ నుంచి తెచ్చినది. సగటు చూస్తే ఈ రెండూ కలిసిపోయి అసలు నిజం మరుగున పడుతుంది.

పనులు లక్షల్లో జరిగే సర్వర్‌పై ట్రేసింగ్ కూడా కొంత భారమే. కాబట్టి ముందు పరీక్షా సర్వర్‌పై కొలిచి, అసలు సర్వర్‌పై కొద్దిసేపే నడపడం మంచిది.