నిప్పు నోట్లో ఉన్నా నోరెందుకు కాలదు?

గుమ్మలక్ష్మీపురం వారపు సంతలో చింతపండు కుప్ప ముందు నిలబడితే చాలు, నోరూరుతుంది. ఇంకా ముట్టుకోలేదు, నాలిక్కి రాసుకోలేదు. ఈనెలు తేలిన ఆ పండునూ దాని పుల్లటి వాసననూ పట్టించుకున్నామో లేదో, రెండు చెవుల ముందు, దవడ మూల చురుక్కుమంటుంది. ఆ చురుకు తగిలిన చోటే మన లాలాజల గ్రంథుల్లో అన్నిటికన్నా పెద్దది ఉంది.

కుప్ప వెనక కూర్చున్న ముసలావిడ నోట్లో చుట్ట ఉంది, నిప్పు మాత్రం కనబడలేదు. వెలిగించిన కొస నోటి లోపల ఉంది. ఉత్తరాంధ్రలో దీన్ని అడ్డపొగ అంటారు. ఎక్కువగా ఆడవాళ్ళకే ఈ అలవాటు. గాలికీ వానకీ నిప్పు ఆరదు, చుట్ట ఎక్కువసేపు వస్తుంది, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, ఒళ్ళో బిడ్డ మీద నుసి రాలదు.

"నోరు కాలదా అమ్మా?" అన్నాను.

చుట్ట బయటికి తీసి, "నోరు ఊరతాది కదా బాబూ, కాల్దు" అంది.

ఆవిడ చెప్పినదాంట్లో సగం నిజముంది. ఆ సగం ఎలా నిజమో, మిగతా సగం ఎక్కడ కాలుస్తుందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊరేది ఎక్కణ్ణుంచి?

మూడు జతల పెద్ద గ్రంథుల నుంచి. చెవుల ముందు పెరోటిడ్ గ్రంథులు. వాటి గొట్టం బుగ్గ లోపల, పైన రెండో దవడపన్నుకి ఎదురుగా తెరుచుకుంటుంది. నాలుక కొసతో తడిమి చూడండి, చిన్న బొడిపె తగులుతుంది. దవడ ఎముక కింద ఇంకో జత, నాలుక అడుగున మరో జత. ఊరికే కూర్చున్నప్పుడు నోరు తడిగా ఉండడానికి ముఖ్యంగా దవడ కింది జతే కారణం. నమిలేటప్పుడు, పులుపు తగిలినప్పుడు పెరోటిడ్ పరుగందుకుంటుంది. రోజు మొత్తం మీద అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. నిద్రలో మాత్రం దాదాపు ఆగిపోతుంది. అందుకే తెల్లారి లేవగానే నోరు పాచి వాసన.

ఇవి కాక చిన్న గ్రంథులు ఆరు వందల నుంచి వెయ్యి దాకా ఉన్నాయి. పెదవుల లోపల, బుగ్గల్లో, అంగిట్లో ఆవగింజల్లా పొదిగి ఉంటాయి. మన కథ చివరికి చేరేది వీటి దగ్గరికే.

చూస్తేనే ఎందుకు ఊరుతుంది?

గ్రంథుల పగ్గాలు మెదడు చేతిలో ఉన్నాయి కాబట్టి. చింతపండు పులుపు నోటికి ఒకసారి తెలిశాక, ఆ రూపమూ ఆ వాసనా చాలు, మెదడు నరాల ద్వారా కబురు పంపేస్తుంది. జీర్ణక్రియ మీద పరిశోధనకు 1904లో నోబెల్ బహుమతి అందుకున్న రష్యా శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్లోవ్ కుక్కల్లో ఇదే చూశాడు. అదే మెదడు భయపడితే కబురు ఆగిపోతుంది. "నోట తడారిపోయింది" అని మనం ఊరికే అనలేదు.

అది ఉత్త నీళ్ళేనా?

నూటికి తొంభైతొమ్మిది పాళ్ళు నీళ్ళే. పనంతా ఆ మిగిలిన ఒక్క పాలుది. అన్నాన్ని ఎక్కువసేపు నమిలితే తియ్యగా మారుతుంది చూడండి, అది పిండిపదార్థాన్ని చక్కెరగా విడగొట్టే అమైలేజ్ పని. లైసోజైమ్ సూక్ష్మజీవుల గోడలు పగలగొడుతుంది. బైకార్బనేట్ పులుపుని విరుస్తుంది. కాల్షియం, ఫాస్ఫేట్ పన్ను మీద పోయిన ఖనిజాన్ని తిరిగి పూస్తాయి. జిగురుగా ఉండే మ్యూసిన్ నోటి పొర మీద పల్చటి తడి పూత వేస్తుంది. ఎంగిలి అని మనం దూరం పెట్టే ఈ ఉమ్మే నోటికి కాపలా. షుగరు ఎక్కువైనా, మెడ దగ్గర కరెంటు (రేడియేషన్) పెట్టించుకున్నా, కొన్ని రకాల బీపీ, అలర్జీ, మానసిక వ్యాధుల మందులు వాడుతున్నా ఈ ఊట తగ్గుతుంది. అప్పుడు తెలుస్తుంది దాని విలువ: ముద్ద మింగుడు పడదు, మాట తడబడుతుంది, పళ్ళు వరసగా పుచ్చిపోతాయి.

మరి నిప్పు ఎలా ఓర్చుకుంటుంది?

నీరు ఆవిరవుతూ వేడిని తనతో తీసుకుపోతుంది. అడ్డపొగ తాగేవాళ్ళు పెదవులు మూసే ఉంచుతారు. లోపలికి గాలి తక్కువ, నిప్పు భగ్గున మండదు, నెమ్మదిగా కాలుతుంది. నోట్లో వేడి వస్తువు చేరేసరికి గ్రంథులు ఇంకా ఎక్కువ ఊరిస్తాయి. ముసలావిడ మాట ఇంతవరకు నిజం.

కానీ లాలాజలం కిందికి జారి చేరేది నాలుక అడుగున, దవడల పక్కన. నాలుక ఎప్పుడూ దాంట్లో మునిగే ఉంటుంది. పైన అంగిలికి అంత భాగ్యం లేదు. నోట్లో తడిపొర అన్నిటికన్నా పల్చగా ఉండేది అంగిలి ముందు భాగాన. అక్కడ చిన్న గ్రంథులు కూడా ఉండవు. గట్టి అంగిలి వెనక భాగంలోనే ఉంటాయి. నిప్పు, పొగ, తారు పైకి కొట్టేది సరిగ్గా ఆ అంగిటినే. నాలుక తప్పించుకుంటుంది, అంగిలి కాలుతుంది.

కాలితే ఎలా కనబడుతుంది?

ఆవిడ ఒప్పుకుంటే ఫోను లైటు వేసి చూశాను. అంగిలి గులాబీరంగులో లేదు, సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. ఆ తెలుపులో అక్కడక్కడ బొడిపెలు, ఒక్కో బొడిపె నడిమధ్య ఎర్రటి చుక్క. ఆ చుక్కలే చిన్న లాలాజల గ్రంథుల ద్వారాలు. చుట్టూ పొర మందమెక్కుతుంటే, ద్వారం మాత్రం వాచి ఎర్రబడుతుంది. కాపలావాడి గుమ్మమే ముందు కమిలిందన్నమాట.

1971లో డెన్మార్కుకి చెందిన పిండ్‌బోర్గ్, బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కి చెందిన మెహతా, గుప్తా తదితరులు శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల అంగిళ్ళు పరీక్షించిన ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో నూటికి నలభైమందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. ఈ తెలుపు, బొడిపెలు, ఎర్రచుక్కలు, ఎర్రమచ్చలు, పుళ్ళు అన్నీ అందులో నమోదయ్యాయి. అప్పటికి గుమ్మలక్ష్మీపురం కూడా ఆ జిల్లాలోదే. 1979లో విజయనగరం జిల్లాకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాకి మారింది. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీలో డాక్టర్ సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి బృందం ఈ అంగిలి కణజాలాన్ని మైక్రోస్కోపు కింద పరిశీలించింది. మిగతా ప్రపంచంలో గట్టి అంగిలి క్యాన్సర్ అరుదు. అడ్డపొగ ఉన్నచోట అరుదు కాదు.

ఇక్కడొక తేడా గుర్తుంచుకోవాలి. అడ్డపొగ తెచ్చే క్యాన్సర్ సాధారణంగా అంగిలి పై పొరలో పుడుతుంది, గ్రంథిలో కాదు. గ్రంథిలోనే పుట్టే గడ్డలు వేరు. వాటికో లెక్క ఉంది: గ్రంథి ఎంత చిన్నదైతే అందులో లేచిన గడ్డ చెడ్డదయ్యే అవకాశం అంత ఎక్కువ. పెరోటిడ్ గడ్డల్లో చాలావరకు అపాయం లేనివే. అంగిట్లో నొప్పి లేకుండా లేచిన గట్టి ఉబ్బుని మాత్రం నిర్లక్ష్యం చెయ్యకూడదు.

మరి గవదబిళ్ళలు?

అవి వైరస్ వల్ల పెరోటిడ్ వాయడం, ఎక్కువగా పిల్లల్లో. వారం పదిరోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అలా కాక, భోజనానికి కూర్చోగానే దవడ కింద ఉబ్బి, తిన్నాక మెల్లగా దిగిపోతుంటే అది గొట్టంలో రాయి. రాళ్ళు ఎక్కువగా దవడ కింది గ్రంథిలోనే వస్తాయి. దాని ఊట చిక్కన, గొట్టం ఎత్తుకి ఎక్కాలి.

అడ్డపొగ మానేస్తే ఏమవుతుంది?

పొగాకు వాడే 36,000 మందిని శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో ఏళ్ళ తరబడి గమనించి, మానమని నచ్చజెప్పి చూసిన అధ్యయనం 1986లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. నచ్చజెప్పినచోట మానినవాళ్ళు పెరిగారు, నోట్లో తెల్లమచ్చలు కొత్తగా రావడం తగ్గింది. అంటే ఆ తెలుపు తలరాత కాదు. కానీ తెలుపు మధ్య ఎర్రటి మచ్చ పరుచుకున్నా, పుండు మూడు వారాలు దాటినా మానకపోయినా, పన్ను కారణం లేకుండా కదిలినా మాత్రం ఆగకూడదు. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపితే తేలిపోతుంది.

లైటు ఆర్పాక ఆవిడ, "ఏటుంది బాబూ?" అంది. ఎర్రచుక్కల సంగతి చెప్పాను. పుండు లేదని, డాక్టరు చూడాలని, నిప్పు మాత్రం ఇక లోపల పెట్టొద్దని అన్నాను. చుట్ట వైపు ఒకసారి చూసి, ఆర్పి, చెంగున ముడేసుకుంది. తర్వాత తక్కెడ అందుకుని, చింతపండు ఎంత కావాలని అడిగింది.