లైట్లన్నీ పచ్చగానే ఉన్నా నెట్ రాకపోతే

పుట్టపర్తి, ధర్మవరం, హిందూపురం వైపు ఇంట్లో నెట్ ఆగిందంటే చాలామంది మొదట ఫోన్ చేసేది కేబుల్ ఆపరేటర్‌కే. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలయ్యాక టీవీ, నెట్టు రెండూ ఒకే తీగ మీద ఆయన చేతుల మీదుగానే వస్తున్నాయి మరి. అయితే తప్పు ప్రతిసారీ తీగలో ఉండదు. కంప్యూటర్ సెట్టింగుల్లో ఉంటే ఆయన స్తంభమెక్కినా లాభం లేదు.

ముందు ఆపరేటర్ పెట్టిన ఫైబర్ బాక్స్ చూడండి. ఎల్‌ఓఎస్ దగ్గర ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని అర్థం. అది ఆపరేటర్ పని. ఎర్ర లైటు లేకపోతే ఫోన్‌లో మొబైల్ డేటా ఆపేసి, అదే వైఫై మీద ఏదైనా సైటు తెరవండి. ఫోన్‌లో వచ్చి కంప్యూటర్‌లో రాలేదంటే దోషం కంప్యూటర్‌దే.

ఉత్తరానికి ఇంటి నంబరులా నెట్‌కు ఐపీ అడ్రస్ కావాలి. మామూలుగా దాన్ని రౌటరే ఇస్తుంది. ఈ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని ఇంగ్లీషులో కొడితే ఆ నంబరు కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే, కంప్యూటర్ అడిగినా రౌటర్ నుంచి జవాబు రాక తనకు తానే ఒక నంబరు పెట్టుకుందన్నమాట. రౌటర్‌ను ఓసారి ఆపి, మళ్లీ వేసి చూడండి.

ఎక్కువమందిని తిప్పలు పెట్టేది ఇంకొకటి. ధర్మవరంలో చీరల డిజైన్లు వేసే కుర్రాడి ల్యాప్‌టాప్‌లో షాపు నెట్‌వర్క్ కోసం ఎవరో 192.168.0.50 అని చేత్తో కొట్టి ఉంటారు. ఇంట్లో రౌటర్ 192.168.1.1. రెండూ వేర్వేరు వరసలు, మాట కలవదు. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది, నెట్ మాత్రం రాదు. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగానికి వెళ్లి, ఐపీ అసైన్‌మెంట్‌ను ఆటోమేటిక్‌కు మార్చితే సరిపోతుంది.

అడ్రస్ సరిగానే ఉన్నా సైట్లు తెరుచుకోకపోతే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. సైటు పేరును నంబరుగా మార్చే ఏర్పాటు అది, 1983 నాటిది. కమాండ్ ప్రాంప్ట్‌లో ping 8.8.8.8 అని కొడితే జవాబు వచ్చి, పేరు కొడితే సైటు రాకపోతే లైను బాగుంది, పేరు వెతికే చోటే చిక్కు. డీఎన్‌ఎస్‌ను కూడా ఆటోమేటిక్‌లో పెట్టండి. కాలేజీ, ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ప్రాక్సీ, అంటే నెట్‌ను అక్కడి సర్వర్ మీదుగా తిప్పే సెట్టింగు, మిగిలిపోయిందేమో చూడండి. కాకపోతే ఆఫీసు వాళ్లను అడగకుండా తీసేయకండి. పాత డెస్క్‌టాప్‌లో గడియారాన్ని నడిపే చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ ఏళ్ల వెనక్కి పోయినా బ్యాంకు సైట్లు తెరుచుకోవు.

నెట్‌వర్క్ రీసెట్ జోలికి చివరికే వెళ్లండి. అది దాచుకున్న వైఫై పాస్‌వర్డులను చెరిపేస్తుంది. ఏది మార్చే ముందైనా ఆ సెట్టింగుల పేజీని ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. అప్పటికీ నెట్ రాకపోతే ఆపరేటర్‌కు ఫోన్ చేసి, "నెట్ రాలేదన్నా" అని ఊరుకోకుండా మీరు చూసిన లైటు రంగు, ఐపీ నంబరు రెండూ చెప్పండి.