రంపపు గొలుసు తెగితే?

స్వీడన్, ఫిన్లాండ్ అడవులలో చెట్లు కోసే హార్వెస్టర్ యంత్రాన్ని మీరు నడుపుతున్నారనుకోండి. ముందు రంపపు గొలుసు సెకనుకు సుమారు 40 మీటర్ల వేగంతో తిరుగుతోంది. అది తెగిందా, కొస కొరడాలా విదిలి, అందులోని లింకు ఊడి తుపాకి గుండులా దూసుకురావచ్చు. మరి మీ కేబిన్ కిటికీకి ఏం బిగిస్తారు?

కారు పక్క అద్దం చాలదు. దానిని 600 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడిచేసి, గాలి ఊది చప్పున చల్లార్చి గట్టిపరుస్తారు. పగిలితే మొద్దు పలుకులుగా రాలిపోతుంది. గాయాలు తక్కువే, కాని వచ్చే లింకుకు అడ్డేదీ?

పాలీకార్బొనేటు అనే ప్లాస్టిక్ సంగతి వేరు. దాని అణువులు పొడవాటి గొలుసులు (గొలుసుకు గొలుసే విరుగుడన్నమాట!). దెబ్బ తగిలినప్పుడు పలక పగలక, కాస్త సాగి ఆ శక్తిని మింగేస్తుంది. అంతే మందం గల గాజు బరువులో సగం కూడా ఉండదు. అందుకే ఈ యంత్రాలకు దాని దళసరి పలకలు వాడతారు.

లోపాలు లేవా? ఉన్నాయి. గాజుకన్న మెత్తన, దుమ్ము గుడ్డతో తుడిచినా గీతలు పడతాయి. కనుక పైన గట్టి పూత పూస్తారు. పెట్రోలుతో తుడిస్తే సన్నని బీటలు పుడతాయి. ఎండకు ఏళ్ల తరబడి పసుపెక్కి, పెళుసెక్కుతుంది. అలాంటి పలక చూడటానికి బాగానే ఉన్నా మార్చవలసిందే.