తుకూం ఉంగరం

వివాహబంధానికి గుర్తుగా ఉంగరం ధరించడం అనేక దేశాలలో ఆచారంగా ఉన్నది. పెళ్లి ఉంగరం అనగానే మొదట స్ఫురించేది బంగారం. అయితే ఒక చెట్టు గింజను చెక్కి, దానినే పెళ్లి ఉంగరంగా ధరించిన ప్రజలు కూడా ఉన్నారు. దక్షిణ అమెరికా ఖండంలోని బ్రెజిల్ దేశానికి చెందిన తుకూం ఉంగరం అటువంటిది.

తుకూం అమెజాన్ ప్రాంతంలో పెరిగే వృక్షం. తాడి, ఈత, కొబ్బరి చెట్ల కుటుంబానికి చెందినది. దాని మానునిండా పొడవైన నల్లని ముళ్లుంటాయి. పండు గుజ్జును అక్కడి ప్రజలు తింటారు. ఆకుల నుండి తీసిన నారతో వలలు, ఊయలలు అల్లుతారు. గింజకు కొబ్బరిచిప్ప వలె గట్టిదైన నల్లని పెంకు ఉంటుంది. ఎండిన గింజను అడ్డంగా కోసి, లోపలి పప్పును తొలగించి, వేలికి పట్టేంతగా రంధ్రాన్ని పెద్దది చేస్తారు. అంచులను అరగదీసి, గుడ్డతో రుద్ది మెరుగుపెడతారు. ఇందుకు చెట్టును నరకవలసిన అవసరం లేదు. అయితే బంగారు ఉంగరం వలె దీనిని సాగదీయడానికి గాని, పగిలితే అతకడానికి గాని వీలుకాదు.

ఈ ఉంగరం వెనుక ఒక విషాద చరిత్ర ఉన్నది. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనుల నుండి అపారమైన బంగారం వెలికివచ్చింది. దానిని తవ్వినవారిలో అత్యధికులు ఆఫ్రికా నుండి బలవంతంగా తెచ్చిన బానిసలు. బంగారం తవ్విన చేతులకు బంగారు ఉంగరం దక్కలేదు. భార్యాభర్తలను విడదీసి అమ్మరాదని 1869లో చట్టం వచ్చేవరకు వారి దాంపత్యానికే రక్షణ లేకుండెను. 1888లో గాని బానిసత్వం రద్దు కాలేదు. అటువంటి రోజులలో బానిసలు, ఆదివాసులు తుకూం ఉంగరాన్ని తమ వివాహానికి, స్నేహానికి గుర్తుగా ధరించేవారని చెబుతారు. యజమాని కొనలేనిది, అమ్మలేనిది ఒకటి తమకున్నదని ఆ నల్లని ఉంగరం చాటింది.

20వ శతాబ్దంలో దీనికి మరొక అర్థం చేకూరింది. స్పెయిన్‌లో జన్మించి బ్రెజిల్‌లో స్థిరపడిన పెద్రో కసల్దాలిగ 1971లో బిషప్ అయినప్పుడు బంగారు ఉంగరానికి బదులు తుకూం ఉంగరాన్ని ధరించాడు. భూమి కోసం పోరాడే ఆదివాసుల, పేదరైతుల పక్షాన ఆయన 2020లో మరణించే వరకు నిలిచాడు. క్రమంగా ఈ ఉంగరం పేదలతో చేసిన ప్రతిజ్ఞకు చిహ్నమైంది. ఈ పేరుతోనే 1994లో ఒక చలనచిత్రం వెలువడింది.

నేడు పర్యావరణ దృష్టితో చూచినా ఈ గింజ ఒక పాఠం చెబుతున్నది. అమెజాన్ నదులలో అక్రమంగా బంగారం తీసేవారు ఇసుకలోని రేణువులను పట్టడానికి పాదరసం వాడతారు. ఆ పాదరసం నీటిలో కలిసి, చేపల ద్వారా మనుషుల శరీరంలో ప్రవేశించి నాడీమండలాన్ని దెబ్బతీస్తుంది. అక్రమ తవ్వకాలతో తల్లడిల్లిన యనోమామి ఆదివాసుల ప్రాంతంలో 2023 జనవరిలో బ్రెజిల్ ప్రభుత్వం ఆరోగ్య అత్యవసర పరిస్థితిని ప్రకటించవలసి వచ్చింది.

అయితే ప్రకృతిసిద్ధమైనదంతా ప్రకృతికి మేలు చేసేదని భావించరాదు. శేషాచలం అడవులలో దొంగతనంగా నరికిన ఎర్రచందనంతో చేసిన ఉంగరం కూడా ప్రకృతి నుండి వచ్చినదే. కాని దాని వెనుక నేలకూలిన చెట్టు ఉన్నది. ఒక వస్తువు దేనితో తయారైనదన్న ప్రశ్నతోబాటు, అది ఎలా లభించింది, ఎవరికి నష్టం కలిగించింది అన్న ప్రశ్నలు కూడా వేసుకోవాలి.

ఈ భావం తెలుగువారికి కొత్తది కాదు. వైదిక కర్మలలో ఉంగరపు వేలికి ధరించే పవిత్రం దర్భగడ్డితో అల్లినదే. బంగారు మంగళసూత్రం సమకూరని ఇంట పసుపుతాడుకు కట్టిన పసుపుకొమ్ము ఆ స్థానాన్ని నింపుతుంది. గింజ అయినా, గడ్డిపోచ అయినా, పసుపుకొమ్ము అయినా దానికి విలువ తెచ్చేది ధర కాదు. ధరించినవారు నిలుపుకొనే మాట.